కుడి మూల అరగని జంపఖానా

నేను ఒక జంపఖానాను. వరంగల్ కొత్తవాడలో పుట్టాను. నన్ను నేసిన కొమురయ్య గంటకోసారి చాయ్‌కి లేచి నన్ను మగ్గం మీదే సగంలో వదిలేసేవాడు. అందుకేనేమో, నాకు పుట్టుకతోనే ఓర్పు తక్కువ. నీలం నూలుకు ఒక చివర ఆకుపచ్చ పట్టీ వేసి, "ఇది తలకాయ దిక్కు, గుర్తుంటది" అన్నాడు. ఆ గుర్తే తర్వాత కొంప ముంచింది.

మొదట ఒక భజన మండలివాళ్ళు కొన్నారు. కూర్చుంటే లేవని మనుషులు. మండలి మూతపడ్డాక యోగా నేర్పే శకుంతల చేతికి వచ్చాను. హమ్మయ్య, ఇక కదలిక ఉంటుందని సంబరపడ్డాను.

పదకొండేళ్ళు కాలనీ హాల్లో రోజూ నన్ను ఒకే తీరుగా పరిచేది. ఆకుపచ్చ పట్టీ ముందుకు, తన ముఖం జనం వైపు. ఎదుటివాళ్ళకు అద్దంలా కనబడాలని, "కుడి కాలు వెనక్కి" అంటూ తన ఎడమ కాలు వెనక్కి వేసేది. "ఇప్పుడు రెండో పక్క" అనగానే నన్ను వదిలేసి, వాళ్ళ నడుములు సరిచేయడానికి వెళ్ళిపోయేది. చెప్పేవి శ్రీరంగనీతులు! రెండో పక్క ఆమె చేయగా నేను చూడలేదు. నా ఎడమ మూల చిరుగుతుంటే కుడి మూల కొత్త పెళ్ళికూతురిలా కూర్చుంది. అరవాలనిపించేది. జంపఖానాకు నోరెక్కడిది?

ఒకరోజు రిటైరైన నర్సు సమ్మక్క అడిగింది. "మేడం, నాకు రెండో పక్కనే కాలు వణుకుతది. ఒక్కసారి మీరు చేసి చూపియ్యుండ్రి."

శకుంతల నవ్వుతూ కుడి కాలు వెనక్కి వేసింది. మడమ తూలింది. దబ్బున నా మీద కూలబడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మర్నాడే నన్ను చంకన పెట్టుకుని హన్మకొండలో తనకు యోగా నేర్పిన వీరస్వామి సారు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను చూడలేదు, నన్ను పరిచి చూశాడు.

"ఎడమ మూల పోగులు లేసినయ్. కుడి మూల రంగు సుత పోలే. ఏందమ్మా ఇది?"

"రెండు పక్కలు నేర్పుతున్న సార్."

"నేర్పుతున్నవ్. చేస్తున్నవా?"

ఆమె వంగి, లేచిన పోగుల్ని వేలితో లోపలికి నొక్కింది. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, పండగలా అనిపించింది.

సారు ఓనమాలతో మొదలుపెట్టాడు. రెండు పాదాలు ఆనించి నిలబడడం, అంతే. ఒకరోజు కాదు, పందొమ్మిది రోజులు. ఆమె కాలు గాలిన పిల్లిలా సతమతమైంది. "ఇంకెన్నొద్దులు సార్? క్లాసు వేరేటోళ్ళకిస్తమంటున్నరు." ఆయన అదే మాట: "నిలబడుడు వచ్చినంక పో." నాకూ ఒళ్ళు మండింది. నిలబడడం కూడా ఒక విద్యేనా?

ఇరవయ్యో పొద్దున ఆమె కుడి మడమ నా మీద పూర్తిగా దిగింది. ఆ పాదానికి అంత బరువుందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె ఒంటికాలి మీదే పాఠాలు చెప్పిందన్నమాట.

హాలుకు తిరిగి వచ్చేసరికి సగంమందే మిగిలారు. ఆమె ఆకుపచ్చ పట్టీని గోడ వైపు తిప్పి, జనానికి వీపు పెట్టి నిలబడింది.

"నాకు రెండో పక్క రాదు. ఇన్నేండ్లు మీకు తెల్వనియ్యలే. ఇయ్యాల్టి నుంచి మీతోని నేర్చుకుంట."

కుడి కాలు వెనక్కి వేసింది. వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

వెనక నుంచి సమ్మక్క గొంతు వినిపించింది. "తొందరేం లేదు మేడం. మేం ఆగుతం."

నా కుడి మూల నూలు మొదటిసారి ఆ మడమ కింద నలిగింది. నొప్పి పుట్టింది. అయినా, కొమురయ్య మగ్గం మీంచి నేను దిగాక మొదటిసారి, నాకూ తొందర లేదు.