గూని పోయిన ఒంటె

నేను ఒక పటాన్ని. నాలుగు గుడ్డముక్కలు కలిపి కుట్టి, జిగురు పట్టించి, ఎండబెట్టి రంగులు వేసిన పటాన్ని. పెరూ దేశంలో, ఆండీస్ కొండల నడుమ ఉన్న కస్కో పట్నంలో పుట్టాను. నా ఒంటిమీద అసలైన బంగారు రేకు ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చూడవచ్చినవాళ్ళు మొదట బంగారాన్నే చూస్తారు, తర్వాత తీరిగ్గా దేవుణ్ణి చూస్తారు. మూడొందల ఏళ్ళుగా చూస్తున్నాను, ఈ మనుషుల సంగతి నాకు కొత్త కాదు.

నన్ను గీసినవాడు ఇలారియో. స్పెయిన్ దొరలు ఆ దేశాన్ని ఏలుతున్న కాలమది. కస్కోలో చిత్రకారుల సంఘం దొరల చెప్పుచేతల్లో ఉండేది. కొండజాతి చిత్రకారుల చేత అడ్డమైన చాకిరీ చేయించుకుని, గీసేటప్పుడు మాత్రం ముఖాలు తాము గీసి, మేకలూ మబ్బులూ వీళ్ళకి వదిలేసేవారు. వాళ్ళలో ఒకడైన ఇలారియో ఒళ్ళు మండి ఒకరోజు కుంచెలు చంకన పెట్టుకుని బయటికొచ్చేశాడు. సొంత పెరట్లో పని మొదలుపెట్టాడు. భార్య ఫెలిపా రంగులు నూరేది. నాగజెముడు మీద బతికే చిన్న పురుగుల్ని ఎండబెట్టి నూరితే వచ్చిన ఎరుపే నాలోని యేసు తల్లి మరియమ్మ ఒంటిమీది బట్ట. ఇప్పటికీ వెలవలేదు, చూసుకోండి.

మనసుకి తోచింది గీస్తానంటే ఆ రోజుల్లో కుదిరేది కాదు. ఐరోపా నుంచి ఓడల్లో అచ్చుబొమ్మలు వచ్చేవి. జానెడు కాగితాలు, ఉత్త నలుపూ తెలుపూ. వాటిని చూసి పెద్దగా గీయాలి. రంగేమిటో కాగితం చెప్పదు, అది గీసేవాడి తెలివి. వైరపాటా అనే కొండ ఊరివాళ్ళు తమ చర్చికి పటం కావాలని వచ్చినప్పుడు, ఇలారియో అలాంటి కాగితమే తీశాడు. పశువుల పాకలో బాలయేసు, తల్లి, కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు, వాళ్ళ వెనక ఒక ఒంటె.

అది ఒంటె అని మీకూ నాకూ తెలుసు. ఇలారియోకి తెలియదే! ఆ కొండల్లో బరువులు మోసేది లామా. పొడుగు మెడ, ఒంటినిండా ఉన్ని, నిక్కపొడుచుకున్న చెవులు, కోపమొస్తే మొహాన ఉమ్మే గడుసు జంతువు. ఆయన కాగితాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "పాపం, దీనికేదో జబ్బు చేసినట్టుందే" అన్నాడు ఫెలిపాతో. ఆ గూని తీసేశాడు. ఉన్ని పెట్టాడు. చెవులకి ఎర్ర కుచ్చులు కట్టాడు. నాలో అన్నిటికంటే అందమైనది ఆ లామాయే. వైరపాటా జనం నన్ను భుజాల మీద మోసుకెళ్ళి చర్చి గోడకి తగిలించారు.

మూడేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత తనిఖీకని ఒసోరియో ఫాదరు వచ్చాడు. ఊళ్ళల్లో కొండదేవతల పూజలు ఇంకా జరుగుతున్నాయేమో వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. కొండకి లామాను బలివ్వడం అక్కడి పాత ఆచారం. అలాంటి లామా సాక్షాత్తూ బాలయేసు పక్కన నిలబడి ఉండడం చూసి ఆయన ముఖం జేవురించింది. ఇలారియోకి కబురు వెళ్ళింది. రెండు రోజులు నడిచి భార్యాభర్తలిద్దరూ వచ్చేసరికి ఊరంతా చర్చిలోనే ఉంది.

"ఇది ఎవరి పని?" అన్నాడు ఫాదరు.

"నాదే తైతా." అక్కడ తండ్రినీ పెద్దల్నీ అలాగే పిలుస్తారు.

"మీ బలి జంతువుని తెచ్చి దేవుడి బిడ్డ పక్కన నిలబెట్టావా? నీ జవాబు సరిగ్గా లేకపోతే ఈ పటాన్ని ఇదే వాకిట్లో తగలబెట్టిస్తాను. నువ్వు ఈ జన్మలో మళ్ళీ కుంచె పట్టవు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నూనె రంగులు మహా బాగా మండుతాయి. ఇలారియోకేమో కుంచె తప్ప వేరే బతుకు లేదు. సంఘం వాళ్ళు ఎలాగూ గుమ్మం తొక్కనివ్వరు.

ఆయన చొక్కాలోంచి ఆ అచ్చుకాగితం తీసి రెండు చేతులా అందించాడు. "కాగితంలో ఉన్నదే గీశాను తైతా. కాకపోతే ఒక్క తప్పు దిద్దాను."

ఫెలిపా కళ్ళు మూసుకుంది. ఓరి అమాయకుడా, ఇప్పుడా ఆ మాట చెప్పేది? నాకే నోరుంటే అరిచి ఉండేదాన్ని.

"ఏం దిద్దావు?"

"ఇది గీసినాయన ఎన్నడూ లామాను చూసినట్టు లేదు. వీపు మీద గూని పెట్టాడు, మూతి వేలాడదీశాడు. దేవుడి ముందుకి రోగిష్టి జంతువుని తీసుకెళ్ళడం బాగుండదని నేను నయం చేశాను."

"మూర్ఖుడా, అది లామా కాదు, ఒంటె! తూర్పు ఎడారుల్లో ఉంటుంది. బరువులు మోస్తుంది."

"లామా కూడా మోస్తుంది తైతా."

"మెడ పొడుగ్గా ఉంటుంది."

"దీనికీ పొడుగే కదా."

"కోపమొస్తే ఉమ్ముతుందని రాశారు..." అని ఫాదరు తనే ఆగిపోయాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఇలారియో మాత్రం నవ్వలేదు. ముఖం వెలిగిపోతూ ఒక అడుగు ముందుకేశాడు. "అయితే ఆ గూని నిజంగానే ఉంటుందా తైతా? ఎక్కడ మొదలవుతుంది? దానిమీద వెంట్రుకలుంటాయా? మీరు చూసినట్టు చెప్పండి, ఇప్పుడే దిద్దేస్తాను. రంగులు తెచ్చుకున్నాను." వేళాకోళం కాదు. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఒసోరియో ఫాదరు కాగితం వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ కాగితం వంక చూశాడు. అబద్ధం చెప్పినా అక్కడ అడిగేవాడు లేడు. ఆయన చెప్పలేదు.

"నేను ఈ దేశంలోనే, లీమా పట్నంలో పుట్టాను" అన్నాడు మెల్లగా. "ఒంటెను నేనూ చూడలేదు." కాగితం మీద వేలు పెట్టి, "ఇది గీసినవాడూ చూసి ఉండడు. కాళ్ళు చూడు, గుర్రం కాళ్ళు" అన్నాడు. అనేసి నవ్వాపుకోలేకపోయాడు. "ఎరగని జంతువుని వికారంగా గీయడంకంటే ఎరిగినదాన్ని తీరుగా గీయడమే నయం. పటం ఉండనివ్వండి. ఇతన్ని పోనివ్వండి."

అమ్మయ్య! ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఫెలిపా ఉన్నచోటే కూలబడి భోరున ఏడ్చింది. ఏడుస్తూనే మొగుణ్ణి అందుకుంది. "తప్పు దిద్దాడట, తప్పు! ఇంటికి పద, నీ సంగతి చెప్తాను." ఆమె తిడుతుంటే ఇలారియో నవ్వుతున్నాడు. అంత చల్లని తిట్లు నేను మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత నా బతుకు అందరి బతుకులాంటిదే. కొవ్వొత్తుల పొగకి నల్లబడ్డాను. ఒక భూకంపంలో చర్చి గోడ కూలితే ఓ రైతింట్లో మొక్కజొన్న గాదె వెనక తలదాచుకున్నాను. ఓ భూస్వామి నన్ను కొని, చట్రానికి పట్టలేదని నా అంచు నాలుగు వేళ్ళ మేర కోసేశాడు. చట్రం పెద్దది చేయించవచ్చని ఆ మహానుభావుడికి తోచలేదు. ఆయన మనవరాలు నన్ను లీమాలో మ్యూజియానికి ఇచ్చేసింది. అక్కడ నా కింద 'చిత్రకారుడు తెలియదు' అని రాశారు. పండితులు వచ్చి నా లామాను చూపించి, ఇది పాలకుల మీద మౌన తిరుగుబాటు అని గంటలు గంటలు మాట్లాడేవారు. తిరుగుబాటు లేదు, నా మొహం లేదు. జబ్బు జంతువు మీద జాలి.

కానీ ఆ 'తెలియదు' అన్న మాట మాత్రం నన్ను ముల్లులా పొడిచేది. పోయిన ఏడాది నైదా అనే అమ్మాయి, మ్యూజియంలో పాత పటాలు బాగుచేసే అమ్మాయి, ఒక కాగితం నకలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అది ఒసోరియో ఫాదరు తనిఖీ నివేదిక. వైరపాటా చర్చి, జ్ఞానుల పటం, లామా, విచారణ, అన్నీ ఉన్నాయి. గీసినవాడు కస్కో నివాసి ఇలారియో చాంపి, తప్పు లేదని వదిలేశాం అని రాసి ఉంది.

ఆ కాలంలో ఆయనకంటే గొప్పగా గీసి, దొరల మెప్పు పొంది, పేరు లేకుండా పోయినవాళ్ళు ఎంతమందో. మెచ్చుకున్నప్పుడు ఎవరూ పేరు అడగలేదు. నావాణ్ణి నేరం మోపి పిలిపించారు గనుక అడిగి రాసుకున్నారు. ఇప్పుడు నా కింద కొత్త చీటీ ఉంది. బడిపిల్లలు వచ్చి "ఇలారియో చాంపి" అని బిగ్గరగా చదువుతారు, తర్వాతే బంగారం చూస్తారు.