ముప్ఫయ్యారుకీ ముప్ఫయ్యేడుకీ మధ్య

ఆ చలికి పెన్నులో సిరా గడ్డకడుతుంది. అందుకని వరస పట్టీ ఎప్పుడూ పెన్సిలుతోనే రాస్తారు. గురువారం పొద్దున్న టెస్సా కోర్పీ చేతి తొడుగు విప్పి, వేళ్ళ మీద ఊదుకుంటూ యాభై తొమ్మిది పేర్లు రాసింది. చిట్టచివర, అరవయ్యోది, తన పేరు రాసుకుంది. పట్టీ పట్టేవాళ్ళు ఆఖర్న నిలబడాలన్నది అక్కడి కట్టుబాటు. ముందు నిలబడితే ఆ పట్టీని నమ్మేదెవరు?

సరస్సు ఒడ్డున ఉన్న పాత చెక్క ఐస్ హాకీ హాల్లో విద్యార్థులకిచ్చేవి అరవై చోట్లే. మిగతావి ఊరివాళ్ళవి. అవతలి ఒడ్డు కాలేజీతో ఏటా జరిగే శనివారం మ్యాచ్‌కి ఆ అరవై ఎవరికి దక్కాలా అని చాలా తగవులు నడిచాయి. ఒక ఏడాది చీటీలు వేశారు. హాకీ కర్రకీ చీపురు కర్రకీ తేడా తెలియనివాళ్ళకి టికెట్లు వెళ్ళాయి. ఇంకో ఏడాది కంప్యూటర్లో పెట్టారు. రెండు నిమిషాల్లో అయిపోయి, సాయంత్రానికల్లా నాలుగింతల ధరకి అమ్మకానికొచ్చాయి. చివరికి అందరూ మళ్ళీ ఈ పాత పద్ధతికే వచ్చారు. రెండు రోజులు మంచులో గుడారాలు వేసుకుని ఉండాలి. పట్టీ పట్టినవాళ్ళు చెప్పాపెట్టకుండా విజిల్ ఊది పేర్లు పిలుస్తారు. "ఉన్నా" అనాలి. రెండుసార్లు పలకకపోతే పేరు మీద గీత. చలికి మనిషి బయటికి రానక్కర్లేదు, గుడారంలోంచి గొంతు వినిపిస్తే చాలు. చీకటి పడ్డాక మాత్రం విజిల్ ఊదరు. ఎందుకో ఎవరికీ తెలియదు.

శుక్రవారం పొద్దున్న టెస్సా విజిల్ ఊది పిలవడం మొదలుపెట్టింది. ముప్ఫయ్యారు, డెజ్మండ్.

"ఉన్నా! ప్రాణం మాత్రం సగమే ఉంది తల్లీ!"

తరవాతి పేరు చదివింది. "నార్మా పెల్టో."

"ఉన్నా."

సన్నటి గొంతు. పరుగెత్తి వచ్చి పలికినట్టు ఆయాసం. ఆఖర్న తన పేరు తనే చదివి, తనే "ఉన్నా" అనుకున్నాక, లెక్క చూసుకుంటే అరవై ఒకటి తేలింది.

టెస్సా పట్టీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. ముప్ఫయ్యారుకీ ముప్ఫయ్యేడుకీ మధ్య ఉన్న సందులో నార్మా పెల్టో అని ఉంది. పక్కన అంకె లేదు. రాత మాత్రం తనదే, ఎడమకి వాలే అక్షరాలు. రాసిన గుర్తు లేదు.

డెజ్మండ్ గుడారం దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్, నీ పక్కన నార్మా అని ఎవరున్నారు?"

డెజ్మండ్ తల బయటపెట్టాడు. కనుబొమ్మల మీద మంచు పేరుకుని ఉంది. "నా పక్కనా? ఎవరూ లేరే. ఉంటే బాగుండును, కాస్త వెచ్చగా ఉండేది."

"ఇందాక పలికింది కదా, విన్లేదా?"

"విన్నాను. అటుపక్క గుడారంలోంచి అనుకున్నా."

అతని గుడారానికీ పక్కదానికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. రాత్రంతా కురిసిన మంచు అక్కడ నిలవలేదు. నేల తడిగా, నల్లగా ఉంది. మధ్యలో అరచేయంత మంచుగడ్డ ఒకటి అద్దంలా మెరుస్తోంది. ఆకాశం నుంచి పడే మంచు అలా ఉండదు. అది సరస్సు మీది గడ్డ.

మధ్యాహ్నం తమ్ముడు ఐవర్ ప్రాక్టీసు ముగించుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. జట్టుకి గోల్‌కీపరు వాడే. సోమవారం మోకాలికి ఆపరేషన్. ఆ తరవాత స్కేట్లు కట్టే మాటే మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

"మాంసం కూరిన పాస్టీ తెచ్చా. వేడి చల్లారకముందే తినవే అక్కా, ముక్కు ఊడి పడేట్టుంది." పొట్లం చేతిలో పెట్టాడు. కాసేపు బూట్లకేసి చూశాడు. "రేపు ఆట మొదలయ్యే ముందు నీ వంక చూస్తా. నువ్వు చెయ్యి ఎత్తు. అంతే, ఇంకేమీ వద్దు. నువ్వున్నావని తెలిస్తే భయం ఉండదు."

"ఎత్తుతాను."

"ఒట్టు?"

"ఒట్టురా."

ఇప్పుడు తను అరవై ఒకటో మనిషినని వాడితో చెప్పలేకపోయింది.

వాడు వెళ్ళగానే మళ్ళీ విజిల్ ఊదింది. సాయంత్రంలోగా ఇంకో మూడుసార్లు ఊదింది. అంత తరచుగా ఎవరూ పిలవరు. గుడారాల్లోంచి తిట్లు వినబడ్డాయి. "ఏమే, నీకు పిచ్చా? ఇప్పుడే కదా పలికాం!" ఆమెకి కావలసింది రెండు మౌనాలు. రెండు దొరికితే న్యాయంగానే గీత కొట్టేయవచ్చు. కానీ ప్రతిసారీ, ఆఖరి అక్షరం నోట్లోంచి వచ్చీ రాకముందే, ఆయాసపడుతూ ఆ గొంతు పలికేది.

"ఉన్నా."

టికెట్ల కిటికీ వెనక వెర్నా గారు కూర్చుంటుంది. డెబ్బై దాటిన మనిషి. కిటికీ మూసే వేళకి టెస్సా వెళ్ళి అడిగింది.

"వెర్నా గారూ, ఇంకొక్క టికెట్ దొరుకుతుందా? అరవై ఒక్కరున్నారు."

"అరవై అంటే అరవయ్యేనమ్మా. బెంచీలు పెంచితే అగ్నిమాపకం వాళ్ళు తలుపుకి తాళం వేస్తారు. ఒకరు ఎలా ఎక్కువయ్యారు?"

టెస్సా పట్టీ అందించింది. ఆ సందులో పేరు చూడగానే వెర్నా గారి చేతిలో కాఫీ కప్పు పక్కకి ఒరిగి, బల్ల మీద ఒలికింది. ఆవిడ తుడవలేదు.

"నువ్వు రాశావా?"

"నా రాతే. కానీ నేను రాయలేదు."

వెర్నా గారు పట్టీ వెనక్కి ఇచ్చేసింది. తరవాత మెల్లగా చెప్పింది. "నేను పట్టీ పట్టిన ఏడాది, పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో, ఈ పిల్ల ముప్ఫయ్యేడో నంబరు. మేజోళ్ళు తడిసి, పొడివి వేసుకొస్తానని హాస్టలుకి వెళ్ళింది. అప్పట్లో మన ఆడపిల్లల హాస్టలు అవతలి ఒడ్డున ఉండేది. చీకటి పడ్డాక నేను విజిల్ ఊదాను. మంచు మీద నుంచి అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఉంటుంది. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. గీత కొట్టాను." ఆవిడ కిటికీ అద్దం మీద చెయ్యి వేసింది. "తెల్లారాక మంచు పగిలిన చోట టోపీ ఒక్కటే దొరికింది."

"మరి నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యాలో నేను చెప్పనమ్మా. నేను చేసింది మాత్రం చెప్పాను."

శనివారం తెల్లవారుతుండగా టెస్సా రబ్బరు తీసింది. అంకె లేని పేరు, మనిషి లేని పేరు. చెరిపితే అన్యాయం ఎవరికి? ఆ ముక్క మనసులో పదిసార్లు అనుకుని చెరిపింది. విజిల్ ఊదింది. ముప్ఫయ్యారు తరవాత ముప్ఫయ్యేడు పిలిచింది. మధ్యలో ఏ గొంతూ రాలేదు. గుండె కుదుటపడింది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. ఆఖర్న తన పేరు చదివింది.

"టెస్సా కోర్పీ."

ఆమె నోరు తెరవకముందే గుడారాల మధ్య నుంచి వినబడింది.

"ఉన్నా."

ఈసారి గొంతులో ఆయాసం లేదు. గొంతు టెస్సాదే.

"నేను..." అనబోయింది. తెల్లటి ఆవిరి వచ్చింది గానీ మాట రాలేదు. ఎవరూ ఆమెకేసి చూడలేదు. అందరూ పలికారు, లెక్క అరవైకి సరిపోయింది. గుడారాల జిప్పులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. డెజ్మండ్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఆమె ముందు నుంచే, భుజం రాసుకుంటూ వెళ్ళాడు. పలకరించలేదు.

టెస్సా మంచులో అలాగే నిలబడిపోయింది. అక్కడ ఎవరూ నిలబడి లేనట్టే ఆ ఉదయం గడిచింది. ఒకసారి తను పలకలేకపోయింది, తన మీద గీత పడటానికి ఇంకొక్క మౌనం చాలు.

పన్నెండు గంటలకి కిటికీ తెరిచారు. ఆఖరి పిలుపప్పుడు మాత్రం ఒక్కొక్కరూ ముందుకొచ్చి టికెట్ అందుకోవాలి. టెస్సా గోడకి ఆనించి పట్టీ విప్పింది. వేళ్ళు కొయ్యబారాయి. పెన్సిలు పిడికిట్లో పట్టుకుని, చెరిపిన చోటే, ముప్ఫయ్యారుకీ ముప్ఫయ్యేడుకీ మధ్య, తెలిసి తెలిసి రాసింది. రాయగానే గొంతు పెగిలింది.

డెజ్మండ్ టికెట్‌ని ముద్దుపెట్టుకుంటూ పక్కకి జరిగాడు. ఆమె చదివింది.

"నార్మా పెల్టో."

"ఉన్నా."

వరసలో ఉన్నవాళ్ళు ఎందుకో కొంచెం కొంచెం పక్కకి తప్పుకున్నారు, ఎవరో వెళుతుంటే దారి ఇచ్చినట్టు. "ఏంటీ ఈ చల్లగాలి!" అంది ఒక అమ్మాయి. వెర్నా గారు టికెట్ పట్టుకుని కిటికీలోంచి చెయ్యి చాచింది. ఆ చెయ్యి కాసేపు గాలిలో ఆగింది. వెనక్కి తీసుకున్నప్పుడు అందులో టికెట్ లేదు. ఆవిడ ఆ చేతిని చంకలో దాచుకుని, తలొంచుకుంది. కిటికీ గట్టు మీద నీళ్ళు కారాయి.

ఆఖరి పేరు వచ్చేసరికి టికెట్లు అయిపోయాయి. అయినా పిలవాలి కాబట్టి పిలిచింది. "టెస్సా కోర్పీ."

"ఉన్నా" అంది తనే. సొంత గొంతు వినబడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డెజ్మండ్ వెనక్కి తిరిగి, "అరె, పొద్దుట్నుంచీ ఎక్కడికి పోయావే?" అన్నాడు.

మ్యాచ్ అంతా ఆమె బయటే, చెక్కగోడకి చెవి ఆనించి విన్నది. ఆటకి ముందు హాలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఐవర్ తల ఎత్తి చూస్తూ ఉంటాడు ఇప్పుడు. టెస్సా తెలియకుండానే చెయ్యి ఎత్తి, ఎవరికి కనబడుతుందని మళ్ళీ దించేసింది.

ఒక గోలు తేడాతో గెలిచారు. ఐవర్ సంచి భుజాన వేసుకుని పక్క తలుపులోంచి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఐవర్, నేను నీతో ఒకటి..."

"చూశానే అక్కా! వెనక వరస చివర. నీ వంక చూడగానే కాళ్ళ వణుకు ఆగిపోయింది." అంటూ ఆమె ఉన్ని టోపీని కిందికి లాగాడు. లాగి, వేళ్ళు చూసుకున్నాడు. టోపీ పొడిగా ఉంది. "మరి లోపల టోపీ ఎందుకు తీసేశావు? జుట్టంతా తడిసి ముద్దయింది, ఒకటే నీళ్ళు కారుతున్నాయి. అంత చలిలో."

టెస్సా గోడకేసి చూసింది. లోపల దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"చెయ్యి ఎత్తానా?" అని అడిగింది.

"ఎత్తావుగా," అన్నాడు ఐవర్. "ఆట అయ్యేదాకా దించనే లేదు."