గుంజకు మిగిలిన ముడి

కడెం డ్యామ్ నిండి గేట్ల మీంచి నీళ్లు పొర్లిన ఏడు అది. గోదారి మంచిర్యాల వీధుల్లోకి వచ్చిన ఏడని కూడా అంటారు. మా ఇంట్లో మాత్రం బర్రె పోయిన ఏడంటే చాలు. ఆ ఏడు చలికాలంలోనే మేము మేకను తెచ్చుకున్నాం.

నేను శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయిలో ముప్పై నాలుగేళ్లు పని చేశాను. పైకప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పని. దిగిపోయాక గోదారికి దగ్గరలో ముప్పావు ఎకరం కొని, రెండు గదులు వేసుకుని, ఒక బర్రెను పెట్టుకున్నాం. పాలు పిండడం నా పని. నా భార్య చంద్రవ్వకు ఇటుక బట్టీ పనికి పోయిన రోజుల్లో కుడి మణికట్టు విరిగింది. సరిగా అతుక్కోలేదు. బిందె ఎత్తుతుంది కానీ పిండలేదు.

బర్రెను నేను కొట్టంలో గుంజకు బాయి ముడితో కట్టేవాణ్ణి. లాగిన కొద్దీ బిగుసుకునే ముడి. కింద దూలాలకు అదే వేసేవాళ్లం. అక్కడ ముడి జారితే మనిషి ఉండడు. నా చేతికి అదొక్కటే వచ్చు.

వరద రోజు తెల్లవారాక చంద్రవ్వ రెండుసార్లు చెప్పింది, బర్రెను విప్పమని. గోదారి ఇంత దాకా ఎన్నడూ రాలేదు, ఇప్పుడూ రాదు అన్నాను. వచ్చింది. బర్రె బెదిరి గుంజింది. తాడు తడిసింది, ముడి రాయి అయింది. వేళ్లతో రాలేదు. పళ్లతో రాలేదు. నీళ్లు నా రొమ్ము దాకా వచ్చాక రజాక్ చంకల కింద చేతులు వేసి నన్ను ఈడ్చుకుపోయాడు. రజాక్ బాయిలో నా జతగాడు. మా పక్క చేను వాళ్లదే.

నీళ్లు తీశాక చూస్తే గుంజ నిలబడే ఉంది. ముడి ఊడలేదు, తాడే మధ్యలో తెగింది. బర్రె రెండూళ్ల అవతల ముళ్లకంపలో దొరికింది.

చంద్రవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గుంజకు జానెడు తాడు ముడితో సహా అట్లాగే ఉండిపోయింది. వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఇద్దరం చూసేవాళ్లం. ఇద్దరం ముట్టలేదు. ప్యాకెట్ పాలతో చాయ్ పెట్టి నాకిచ్చేది. తను తాగడం మానేసింది.

దసరా పోయాక ఒక పొద్దున ఉల్లిగడ్డలు కోస్తూ అంది.

"మ్యాకను తెద్దాం."

నా చూపు గుంజ మీదికి పోయింది.

"బర్రె అన్లేదు. మ్యాక అన్న. నీళ్లొస్తే సంకల ఎత్తుకోని ఉరుకుత."

ఊరి చివర దేవవ్వకు ఇరవై మేకలు. ముసలిది, మోకాళ్లు పట్టుకుపోయి మందను తగ్గించుకుంటోంది. పాలకు పేరున్న నల్ల మేకను, రెండు నెలల పిల్లతో సహా మాకు ఇచ్చింది.

"ఒక్కదాన్నే తీస్కపోతే ఒర్రి ఒర్రి సస్తది. గందుకే పిల్లనిస్తున్న" అంది. "తడి నేల మీద కట్టేయకుండ్రి, డెక్కలు కుళ్లుతయ్. రొట్ట కింద ఎయ్యద్దు. మ్యాక కింద వడ్డది తినది, దానికి పొగరు. పైన ఏలాడగట్టుండ్రి. రాత్రి పిల్లను యేరే కట్టేసి, పొద్దుగాల జరంత ఇడిసి, చేపినంక పిండుకోండ్రి."

"చేపకుంటే?" అని చంద్రవ్వ అడిగింది. మేక పాలు కిందికి విడవడాన్ని చేపడం అంటాం.

"ఎనిమిది దినాలు సూడు బిడ్డా. చేపకుంటే తోలుకరాండ్రి, మీ పైసలు మీకిస్త. కోతకు మాత్రం అమ్ముకోకుండ్రి, మీకు దండం వెడ్త."

మేక మెడలోని తాడు విప్పి దేవవ్వ తన కొంగులో పెట్టుకుంది. అమ్మినవాళ్లు పలుపు ఇవ్వరు. పలుపుతో పాటు మంద బరకతు కూడా పోయి, ఇక కలిసిరాదంటారు. మేమేమో తాడు తీసుకుపోలేదు. ఇంట్లో ఉన్న తాడు ఏదో ఇద్దరికీ తెలుసు. నా భుజం మీది తువ్వాలను చంద్రవ్వ తీసుకుని మేక మెడకు కట్టింది. ముడి తనే వేసింది. ఇంటికి వచ్చాక కిటికీ ఊచకు కట్టేటప్పుడూ తనే వేసింది. నన్ను వేయనివ్వలేదు. నేనూ అడగలేదు.

తొవ్వలో ఒక్క మాట అంది.

"ఇది గూడ మల్లి పోతే గా కొట్టం పీకేస్త. ఇగ మనింట్ల పసురం ముచ్చట లేదు."

మరునాడు పొద్దున చెంబు పట్టుకుని మేక పక్కన కూర్చున్నాను. ఎడమ పక్కన, గొంతుకూర్చుని, తల దాని డొక్కకు ఆనించి. పిల్లను విడిస్తే చేపింది. పిల్లను తీసి నేను చెయ్యి పెట్టగానే పాలు పైకి ఎగబట్టి పక్కకు జరిగింది. నేను జరిగాను. అదీ జరిగింది. కిటికీ ముందు అటూ ఇటూ తిరిగాం. చివరికి కింద కూర్చుంది. నాలుగు చన్నుల మీద ఆడిన చేతికి రెండే చన్నులు. అవీ అందలేదు.

రెండో రోజు చంద్రవ్వ కొమ్ములు పట్టుకుంది. మేక చెంబును తన్నింది. మూడో రోజు వేప రొట్ట, నాలుగో రోజు చింతాకు, అయిదో రోజు నానబెట్టిన మక్కలు. తిన్నది తిన్నది, పాలు మాత్రం పిల్లకే.

రజాక్ గట్టు మీద కూర్చుని చూశాడు.

"సాంబన్నా, నువ్వు మ్యాకను పిండుతున్నవా, కుస్తీ వడ్తున్నవా?"

"నీకు పని లేదా?"

"ఉండె. గీ తమాషా ఇడిసిపెట్టి ఏడికి పోవాలె? వదినా, అది పాలియ్యకపోతే ఫికర్ చెయ్యకు. మసాలాలు మా ఇంట్ల ఉన్నయి."

చంద్రవ్వ నవ్వలేదు. "కోతకియ్యనని దేవవ్వకు మాటిచ్చిన" అంది. రజాక్ లేచి గట్టు దిగిపోయాడు.

ఏడో రోజు సాయంత్రం. తెల్లారి దేవవ్వ దగ్గరికి తోలుకుపోదామని చంద్రవ్వ అప్పటికే అనేసింది. ఆఖరుకు ఒక్కసారి చూద్దామని బయటికి వచ్చాం. ఆమె పిల్లను విడవడానికి ఇంటి వెనక్కి పోయింది. కొమ్ములు పట్టుకునేవాళ్లు లేక నేను ముందు నిలబడ్డాను.

మేక నెమరు వేస్తోంది. ఆ వాసన నా ముఖానికి తగిలింది. నమిలిన తుమ్మాకు వాసన.

యాభై ఏళ్ల పైనే అయింది ఆ వాసన తగలక. మాది చెన్నూరు దిక్కు ఊరు. అమ్మను మేము అవ్వ అంటాం. మా అవ్వకు మొదట రెండు మేకలుండేవి. పొద్దున్నే నన్ను లేపి మేక కొమ్ములు పట్టుకోమనేది. నేను నిద్ర కళ్లతో మేక మొఖానికి మొఖం పెట్టి నిలబడేవాణ్ణి. అది నా చెంపల మీద ఊపిరి విడిచేది. చలికాలం అది వెచ్చగా ఉండేది. చెంబులో పాల చప్పుడు వినపడేది. ముందు సన్నగా, నిండేకొద్దీ బరువుగా. అయిపోయాక నురుగును వేలితో తీసి నా నాలుక మీద రాసేది. మేకలు ఆరయ్యాక బాపు నన్ను మూడో తరగతిలోంచి తీసి మంద వెంట పంపాడు. కాసింది నేనే, పిండింది మాత్రం ఎప్పుడూ అవ్వే. నేనెప్పుడూ కొమ్ముల దగ్గరే.

పిండేటప్పుడు అవ్వ మొఖం నేనెన్నడూ చూడలేదు. గొంతే వినేవాణ్ణి. "గట్టిగ వట్టుకోర బిడ్డా" అని. ఆ గొంతు పక్క నుంచి వచ్చేది కాదు. మేక మొత్తం మా ఇద్దరికీ మధ్యలో ఉండేది. తోకకు అవతల నుంచి వచ్చేది.

"చంద్రా, గిటు రా. కొమ్ములు వట్టుకో. మా అవ్వ పిండినట్టు పిండి సూస్త."

పిల్లను విడిచి, చేపాక తీసి, నేను మేక వెనక్కి పోయాను. తోక వెనకాలే గొంతుకూర్చున్నాను. రెండు వెనక కాళ్ల మధ్య నుంచి చేతులు పెట్టాను. మేక ఒకసారి వెనక్కి చూసింది. కాళ్లు కాస్త ఎడం చేసింది. అంతే. చెంబు అడుగున చప్పుడైంది. ముందు సన్నగా.

దేవవ్వ అన్నీ చెప్పింది, ఇదొక్కటి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచి ఉండదు.

సగం చెంబు నిండింది. చంద్రవ్వ మేక చెవుల మీదుగా అడిగింది.

"మీ అవ్వ గట్లనే కూసుంటుండెనా?"

"గట్లనే."

"మరి గీ ఏడు దినాలు ఏం జేసినవ్?"

"బర్రెను పిండిన."

చంద్రవ్వ నవ్వింది. వానాకాలం నుంచి వినని నవ్వు. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకోవడం నవ్వు కన్నా ఎక్కువసేపు సాగింది. నేను చెంబులోకి చూస్తూ పిండాను. ఆ సాయంత్రం చాయ్ రెండు గ్లాసుల్లో పోసింది.

తెల్లారి పాలు పిండాక ఒక మేకు తీసుకుని గుంజ దగ్గరికి పోయాను. ముడిలోకి మేకు దూర్చి కదిపాను. మట్టి రాలింది. ఎండ వీపు మీదికి వచ్చేసరికి ఒక పోగు వదులైంది, తర్వాత రెండోది. ఊడిన తాడును చుట్టి చూరులో పెట్టాను. శ్రీరాంపూర్ పోయి కొత్త తాడు తెచ్చాను. చంద్రవ్వ వాకిట్లో రొట్ట కట్ట కడుతోంది. ఎదురుగా కూర్చుని తాడు కొస ఆమె చేతిలో పెట్టాను.

"నీ ముడి ఎట్లేస్తవ్?"

విరిగిన మణికట్టుతోనే నెమ్మదిగా వేసి చూపించింది. మేక ఎంత గుంజినా ఊడదు, మనం కొస లాగితే ఊడే ముడి. నేను వేశాను. ఆమె కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. ఊడింది.

"మల్లెయ్యి" అంది.

మళ్లీ వేశాను.