ఇరొప్తా

బాంగ్ సోల్మే ఆ సమీక్ష రాయడానికి కూర్చుని నాలుగు రోజులైంది. పుస్తకం మేనత్త సున్నేది. పన్నెండేళ్లు సియోల్ హోటళ్లలో గిన్నెలు తోముతూ రాసుకున్న కవితలు.

యన్‌బ్యన్‌లోని ఆ కొరియన్ల ఊరికి విమర్శకుడు ప్యో తాత ఒక్కడే. నలభై ఏళ్లుగా ఆయన ఒకటే సమీక్ష రాస్తున్నాడు, కవి పేరు మాత్రం మారుస్తాడు. "మన మట్టి వాసన గుప్పుమంది" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఈసారి ఆయన కంటికి ఆపరేషన్ అయింది. అందుకే సోల్మేను పిలిచాడు.

"నువ్వు రాయవే. డైరీ రాస్తావుగా! చైనాలో మన కొరియా భాష పుస్తకాలు చదివేదెవరని? మన ఊళ్లో ఏడుగురు. అందులో ఆరుగురు కవులు. ఏడోదానివి నువ్వు."

"బాగాలేకపోతే, తాతా?"

"పుస్తకావిష్కరణ సభ అయ్యాక అందరం కలిసి నూడుల్స్ తినాలే పిల్లా. అది గుర్తుపెట్టుకుని రాయి."

ముప్పై ఆరు కవితల్లో ముప్పై అయిదింట్లో చందమామ ఉంది. మిగిలిన ఒక్కదానిలో సబ్బునీళ్లకు పగిలిన వేళ్లున్నాయి. అది చదివి సోల్మే తన వేళ్లు చూసుకుంది. కానీ ఆ ఒక్కటి బాగుందంటే తక్కినవాటి సంగతీ చెప్పాలి. అమ్మానాన్నలు సియోల్‌లో ఉన్నారు, తన తిండీ పడకా అత్త దగ్గరే. అరపేజీ రాసి కొట్టేసింది. చివరికి ధైర్యమంతా కూడగట్టుకుని ఒక్క వాక్యం రాసింది: "ఈ పుస్తకం ఇరొప్తా."

వాళ్ల ఊళ్లో ఆ మాటకు పర్లేదని అర్థం. కాలు తొక్కినవాళ్లతోనూ అంటారు, జ్వరం ఎలా ఉందంటేనూ అంటారు. ఎవరికీ తగలని మాట దొరికిందని సోల్మే డైరీలో తనను తానే మెచ్చుకుంది.

సభ వృద్ధుల సంఘం గదిలో, వెచ్చటి నేల మీద జరిగింది. అక్షరాలు కనబడక ప్యో తాత కాగితం అత్తకే ఇచ్చాడు. అత్త పైకి చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త కొట్టలేదు. పన్నెండేళ్లలో ఆమె చెవి సియోల్ చెవి అయిపోయింది. అక్కడ అదే మాటకు పనిలేదని అర్థం.

"పనిలేదా? నా పుస్తకంతో ఎవరికీ పనిలేదా?"

ప్యో తాత పకపకా నవ్వాడు. "ఇంకా సియోల్‌లోనే ఉన్నావా సున్నే! ఇది మన ఇరొప్తా. పర్లేదని!"

"అంతేనా సోల్మే? పర్లేదనేనా?"

తలూపితే సరిపోయేది. సోల్మే ఊపబోయింది కూడా. కానీ కాగితం పట్టుకున్న అత్త వేళ్లు కనబడ్డాయి. పగుళ్లు ఇంకా మానలేదు.

"చందమామలతో పనిలేదత్తా," అంది, తనకే వినపడనంత మెల్లగా. "గిన్నెల కవిత ఒక్కటి చాలు."

అందరికీ వినపడింది. ఆరుగురు కవులూ తమ తమ చందమామలను తలుచుకున్నారు.

"నూడుల్స్ చల్లారిపోతున్నాయి, తినండి!" అన్నాడు ప్యో తాత.

అవి ఐసు వేసిన చల్లటి నూడుల్స్.

మర్నాడు పొద్దున్నే అత్త చారు గిన్నె సోల్మే ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉందే?"

"ఇరొ..." అని ఆగింది సోల్మే. "ఉప్పెక్కువైందత్తా."

అత్త ఒక చెంచా రుచి చూసింది. లేచి, గిన్నెలో కాసిని వేణ్ణీళ్లు పోసింది.

"త్వరగా తిను," అంది. "ఆ గిన్నెల కవితలో కూడా ఏదో ఎక్కువైందని నా అనుమానం. చూద్దువుగాని."