అప్పగింతలు

స్తంభం మీది సైరన్‌ని ఇద్దరు కంపెనీ మనుషులు ఊడదీసి, తాడు కట్టి కిందికి దించారు. ఆ ప్రైవేటు కంపెనీ చేతికి పోతున్న అంతరిక్ష సంస్థ కేంద్రం ఫెన్సింగ్ బయట నిలబడి రాజరత్నం చూశాడు. పేట మొత్తం చూసింది. శవాన్ని దించినట్టు దించారు.

ఆ కేంద్రం కట్టింది ప్రభుత్వం. కట్టిన నేల పేటవాళ్ళది. దేశం పని అంటే తండ్రుల కాలంలో మారుమాట లేకుండా ఇచ్చారు. బదులుగా అడిగింది ఒక్కటే. ఉపగ్రహానికి సముద్రంలో గాలివాన కనబడితే మాకూ చెప్పండి అని. అందుకే ఆ సైరన్. అది కూస్తే గోదావరి పాయలో ఉన్న ప్రతి పడవా ఒడ్డుకు తిరగాలి. ఎందుకని ఎవరూ అడగరు.

మొన్నటి గాలివానకు అది కూయలేదు. గుల్లలు ఏరడానికి వెళ్ళిన జ్ఞానమ్మ పడవ తిరగబడింది. మడచెట్ల వేళ్ళ మధ్య నుంచి భార్య శవాన్ని రాజరత్నం తన చేతులతోనే తీశాడు.

అదే రోజు పొద్దున సాంబశివరాజు గారి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ గట్టుకు లాగి కట్టేశారు. కట్టినవాడు పేట మనిషే, లాజరు.

“రాజుగారి ఫోనుకి మెసేజ్ వచ్చిందంట బాబాయ్. సైరన్ కూడా కూస్తుందిలే అనుకున్నా.”

“ఏరేటర్లకి తెలిసింది. మీ పిన్నికి తెలీలేదు” అన్నాడు రాజరత్నం.

సైరన్ దించిన సాయంత్రం చర్చి ఆవరణలో మీటింగు పెట్టారు. కేంద్రంలో ఇంజనీరు సారిక కూడా వచ్చింది. జ్ఞానమ్మ పోయాక ఎదురు మాట్లాడినందుకు ఆమెను బదిలీ చేశారు.

“ఆ రోజు బటన్ మీద చెయ్యి పెట్టానండీ. నొక్కొద్దన్నారు. హెచ్చరికలు ఇక కంపెనీ సరుకంట. కొనుక్కున్నవాళ్ళకే.”

“ఎవరన్నారు?”

“సంస్థ కొత్త చైర్మన్ ఆఫీసు. ఆయన నిన్నమొన్నటిదాకా ఆ కంపెనీ డైరెక్టరేనండి. ఎలక్షన్లో పార్టీకి పనిచేశాడు, కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు ఇచ్చేదీ ఆయనే, పుచ్చుకునేదీ ఆయన మనుషులే.”

“నువ్వెందుకు నొక్కలేదు?”

“భయపడ్డానండి.”

రాజరత్నం ఆమెను ఓదార్చలేదు. “ఆ భయానికి మా ఆవిడ పోయింది. ఇప్పుడన్నా మాతో కూర్చో.”

ఆమె చాప మీద కూర్చుంది.

విజయ్ పాల్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “అర్జీ పెడదామండి. చైర్మన్ గారికీ ఒక కాపీ...”

“కంచె చేను మేస్తే కంచెకే అర్జీ పెడతామా మాస్టారూ?” అన్నాడు రాజరత్నం.

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

రాజరత్నం కూతురు ప్రిస్కిల్లా లేచింది. తల్లి పోయాక గుల్లలు ఏరే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. “బ్యానర్ చూశారా? ‘కేంద్రం అప్పగింత కార్యక్రమం’ అంట. జనాన్ని వాళ్ళే రమ్మంటున్నారు. అప్పగింతలకి పిల్లని కన్నవాళ్ళు ఉండాలిగా. నేలిచ్చింది మనం. పళ్ళెం పట్టుకెళ్దాం. పాలు మాత్రం పొయ్యొద్దు.”

“మనోళ్ళలో అప్పగింతలేంటే? పాస్టరు గారు ఒప్పుకోరు” అన్నాడు లాజరు.

“మా అమ్మ నా పెళ్ళికి చేసిందన్నయ్యా. పాస్టరు గారు భోజనానికి వెళ్ళాక.”

మర్నాడు షామియానా కింద చైర్మన్, పక్కన కంపెనీ యజమాని, ఇద్దరి మెడల్లో ఒకే రకం దండలు. పళ్ళేలు పట్టుకుని ఆడవాళ్ళు వరసగా వస్తుంటే హారతులనుకున్నాడు చైర్మన్. రండమ్మా రండి అని తనే వేదిక మీదికి పిలిచాడు.

ప్రిస్కిల్లా ఖాళీ పళ్ళెం ఆయన ముందు పెట్టింది. “అప్పగింతన్నారుగా, పిల్ల తరఫువాళ్ళం వచ్చాం. ఈ సంబంధం మాకొద్దండి.”

“ఇది అభివృద్ధమ్మా. ప్రైవేటువాళ్ళు వస్తే మన దేశం అంతరిక్షంలో...”

కింద నుంచి రాజరత్నం అందుకున్నాడు. “ఆకాశం సంగతి తర్వాత. మా పాయ సంగతి చెప్పు. నువ్వు సంస్థ మనిషివా, కంపెనీ మనిషివా?”

చైర్మన్ కంపెనీ యజమాని ముఖంలోకి చూశాడు, ఏం చెప్పమంటావన్నట్టు.

జనానికి అది చాలింది. కుర్చీలు పడ్డాయి. పోలీసులు దిగారు. రాజరత్నాన్ని నలుగురు ఎత్తి వ్యానులో పడేశారు. లాజరునీ వేశారు. అర్జీ మాస్టారు పిలవకుండానే వచ్చి ఎక్కాడు.

వేదిక మీద ప్రిస్కిల్లా మైకు లాక్కుంది. నినాదం ఇస్తుందనుకున్నారు. ఆమె నోరు తెరిచి సైరన్‌లా కూసింది. సన్నగా మొదలై, పైకి లేచి, విడవకుండా. లౌడ్‌స్పీకర్లు ఆ కూతను పాయ మీదికి మోశాయి.

ఎస్సై వైరు పీకించాడు. అప్పటికే కిందున్న ఆడవాళ్ళు అందుకున్నారు. మొదట అందుకున్న గొంతు సారికది.

వ్యాను జాలీలోంచి రాజరత్నం పాయ వైపు చూశాడు. ఒక పడవ తిరిగింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అన్నీ తిరిగాయి, ఎందుకని అడగకుండా.

తెడ్లు దించకుండానే గట్టెక్కి వచ్చారు మగవాళ్ళు. ముందున్నవాడు రొప్పుతూ ఆకాశంలోకి చూశాడు. మబ్బు తునక లేదు.

“గాలివాన ఏదే?”

వేదిక మీద నుంచే ప్రిస్కిల్లా పక్కనున్న రెండు దండల వైపు చెయ్యి చూపించింది.