టిక్కుమన్న కారు

లెక్కల మాస్టారు తన పాత అమెరికన్ కారును ఏళ్ల తరబడి బాగుచేసి, ఒక ఆదివారం రోడ్డెక్కించాడు. పడవంత కారు మెత్తగా సాగుతుండగా ఎక్కడో టిక్కుమంది. అంతే, ఆయన కాలు కాలిన పిల్లిలా అయిపోయాడు. ఇంటికొచ్చి డాష్‌బోర్డు విప్పాడు, బిగించాడు. తలుపుల లోపలి అట్టలు ఊడదీశాడు. అన్నం ముందు కూర్చున్నా చెవులు కారు షెడ్డులోనే ఉన్నాయి.

"నాకేం వినపడలేదండీ," అంది కారులో వెంట వచ్చిన భార్య.

"నీకేం, హాయిగా ఉన్నావు. నా ప్రాణం తోడేస్తోంది."

మర్నాడు ఆయన మళ్లీ స్పానర్ పట్టుకోగానే ఆవిడ కారు తాళాలు లాక్కుంది. పెళ్లికి ముందు పుట్టింటి వ్యాను తోలిన చెయ్యి ఆవిడది.

"నేను నడుపుతాను. మీరు వెనక కూర్చుని వెతుక్కోండి."

బయల్దేరిన దగ్గర్నుంచీ ఆయన గోల మొదలైంది. "మెల్లగా! అదిగో గుంత! బ్రేకు తొక్కవే!" ఆవిడ మాత్రం ఊరు దాటేదాకా తాపీగా పోనిచ్చి, అంతే తాపీగా వెనక్కి తెచ్చింది.

"టిక్కుమందా?" అని దిగుతూనే అడిగాడు.

"మీ అరుపుల్లో ఏం వినపడుతుంది నా మొహం!"

మాస్టారు చేతిలో స్పానర్‌ని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"అయితే రేపు కూడా నువ్వే తోలు. నేను నోరు మూసుకుంటాలే," అన్నాడు.