కిమోయి కాలికి విశ్రాంతి

"ఏమే, పాదం చూపించు," అన్నాడు చెబోయ్.

కిమోయి అప్పుడు పెరట్లో కూర్చుని మాడిన గిన్నె అడుగు బూడిదతో తోముతోంది. తలెత్తి చూస్తే మొగుడి పక్కన నలుగురు తెల్లవాళ్లు. ఏటా కొందరు వస్తారు, బూట్లు లేకుండా దూరాలు పరిగెత్తడం నేర్చుకోవడానికి. చెబోయ్ వాళ్లకి గురువు. ఆ గురువుగారు చెప్పుల్లేకుండా వాకిలి దాటగా ఎవరూ చూడలేదు, అది వేరే సంగతి. చూపించడానికి ఇంట్లో పెళ్లాం పాదాలు ఉండగా ఆయనవి ఎందుకు? కిమోయి చేతులు కడుక్కుని, గోడ పట్టుకుని, కాలు వెనక్కి మడిచింది. సంతలో ఆవు పళ్లు చూసినట్టు ఒక్కొక్కరూ వంగి అరికాలు చూశారు. ఒకావిడ మర్యాదగా అడిగి మరీ ముట్టుకుంది. ఆవిడ వేళ్లు పాదం పైకి వచ్చి, నడిమి వేలి వెనకున్న ఎముక మీద పడేసరికి కిమోయికి కళ్లు బైర్లు కమ్మాయి. ముఖం మాత్రం చెక్కు చెదరలేదు. ఆవిడ నవ్వి థాంక్స్ చెప్పింది.

ముఖం చెదరకపోవడం ఆ కొండల్లో మగాడికైనా ఆడదానికైనా దక్కే పెద్ద కితాబు. చిన్నప్పుడు పిల్లలంతా ముంజేతి మీద నిప్పుకణిక పెట్టుకుని, ఎవరు ముందు దులుపుకుంటారా అని ఆడేవాళ్లు. కిమోయి ఎప్పుడూ ఓడిపోలేదు. ఆ సంగతి విన్నాకే కోబిలో, అంటే చెబోయ్ తల్లి, ఈ పిల్లని కోడలిగా కావాలంది. ఇద్దరు పిల్లల్ని కన్నప్పుడూ నోరు మెదపలేదని అత్త ఇప్పటికీ పదిమందిలో చెప్పుకుంటుంది. అరిచి ఉంటే మంత్రసాని కాస్త తొందరగా వచ్చేదేమోనని కిమోయికి ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించినవన్నీ అంటే కాపురాలు నిలవవు కదా.

ఆ ఇంట్లో కిమోయిది అని చెప్పుకోదగ్గది ఒక్కటే, పొద్దుటి పరుగు. కోళ్లు లేచేవేళ ఎర్రమట్టి బాట ఎక్కిందంటే లోయ అంచు దాకా వెళ్లి వచ్చేవరకూ వెనక నుంచి ఎవరూ పిలవరు. గెలిచిన పందేల కప్పులు మొగుడు అలమరాలో పెట్టుకున్నాడు, పెట్టుకోనీ. కాళ్ల కింద చల్లటి మట్టి, చెవుల్లో తన ఊపిరి, అంతే కావాలి తనకి. ఆ కాసేపూ ఆమె ఎవరి పెళ్లామూ కాదు, ఎవరి కోడలూ కాదు. అందుకే పాదం పైన నొప్పి మొదలైనప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మాన్పిస్తారని భయం. మానేస్తే ఇక మిగిలేది గిన్నెలే.

పరుగు మందగించిందని చెబోయే కనిపెట్టి, పక్క ఊరి క్లినిక్‌లో అవీనో అనే ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాడు. అవీనో కొండల దిగువన సరస్సు వైపు నుంచి వచ్చిన మనిషి, వేరే తెగ. పాదంలో ఎముకలు ఒక్కొక్కటే నొక్కుతూ, చేతి వంక కాకుండా కిమోయి ముఖం వంక చూసింది. నొప్పి దాచుకోని తన వాళ్లలో పాతికేళ్లుగా అలా ముఖాలు చూసే జబ్బులు కనిపెట్టింది మరి. పగిలిన ఎముక మీద వేలు పెట్టినప్పుడు కిమోయి కిటికీలోంచి మేకల్ని చూస్తోంది. ఒంటికాలి మీద గెంతమంటే గెంతింది. అవీనో తృప్తిగా, ఎముకకి ఏం కాలేదు, కండరం పట్టేసింది, ఐసు పెట్టి మెల్లగా పరిగెత్తవచ్చు అంది. దారిపొడుగునా చెబోయ్, బద్ధకానికి మందు లేదని సాగదీశాడు.

ఆ మెల్లటి పరుగులోనే ఒక పొద్దున లోపల ఏదో టిక్కుమంది. కిమోయి బాట పక్కన కూలబడింది. ఎక్స్‌రేలో గీతలాగా పగులు కనపడింది. అవీనో ఆ ఫిల్ము వెలుతురుకి పట్టి చూసింది.

"నేను నొక్కినప్పుడు ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"మీరు అడగలేదక్కా. ముఖం చూశారు, అంతే."

అవీనో తలపట్టుకుంది. మావైపు సూదిమందు అంటేనే నలుగురు పట్టుకోవాలి, మీ వాళ్లతో ఎలా వేగేది అంది. తప్పు తనదేనని ఒప్పుకుని, రెండు నెలలు ఆ కాలి మీద బరువు పడకూడదని చెబోయ్‌కి గట్టిగా చెప్పింది. అప్పటికి అతుక్కోకపోతే ఇక దూరాలు పరిగెత్తడం మరిచిపోవాల్సిందే అని కూడా చెప్పింది.

చెబోయ్ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ విషయంలో అతన్ని అనడానికి లేదు. పొద్దున్నే గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పెళ్లాం ఎక్కడ పరుగు అందుకుంటుందోనని. వచ్చినవాళ్లందరికీ "మా ఆవిడ విశ్రాంతిలో ఉంది" అని చెప్పాడు. అతని పక్కనుంచే విశ్రాంతిలో ఉన్న ఆవిడ డబ్బా వీపున కట్టుకుని వాగులోకి దిగింది, నీళ్లతో ఎక్కింది, పాలు పితికింది, కట్టెలు కొట్టింది. పరుగు లేదు గనక పొద్దుట ఖాళీయేగా అని అత్త కొత్తగా మొక్కజొన్న చేను కలుపు కూడా అప్పగించింది. బాలింతలా ఇంట్లో కూర్చోబెట్టి పోషిస్తున్నామని ఇరుగమ్మతో చెప్పడం కిమోయి చెవిన పడింది. విచిత్రం ఏమిటంటే, కిమోయి కూడా నిజంగా విశ్రాంతి తీసుకుంటున్నాననే అనుకుంది. ఇంటిపని బరువని పుట్టింట్లో ఎవరూ చెప్పలేదు, అత్తింట్లో చెప్పే అవసరం ఎవరికుంది? రాత్రి పడుకున్నాక పాదం సలుపుతుంటే, పరిగెత్తకపోయినా ఎందుకు నొప్పి, నా ఎముకే మంచిది కాదేమో అని తనమీద తనకే అసహ్యం వేసేది.

గడువు తీరాక మళ్లీ వెళ్లారు. పగులు అతుక్కోలేదు సరికదా, ఇంకాస్త విచ్చింది. పరిగెత్తనిచ్చావా అని అవీనో నిలదీస్తే, ఒక్క అడుగు కూడా పరిగెత్తలేదని చెబోయ్ తల్లి మీద ఒట్టేశాడు. అది నిజమే. అవీనో ఈసారి ముఖం చూడలేదు, నోటితోనే అడిగింది. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోంది?

"నీళ్లు తెచ్చేటప్పుడు," అంది కిమోయి. "గట్టు ఎక్కేటప్పుడు ఎక్కువ."

"నీళ్లెవరు మొయ్యమన్నారు?"

చెబోయ్ నవ్వాడు. మంచి మనిషి నవ్వే, అందులో కల్మషం లేదు. "అది బరువేంటి మేడమ్? ఇంట్లో నీళ్లు. ఆడవాళ్లంతా తెచ్చుకునేవేగా."

 అవీనో ఇంట్లోనూ నీళ్లు ఎవరో తెస్తూనే ఉండి ఉంటారు. అయినా మొయ్యకూడదని గట్టిగానే చెప్పింది, చెబోయ్ బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి ఆలోచించి తీర్పు చెప్పాడు. డాక్టరమ్మ బరువు వద్దంది గనక ఇకనుంచి సగం డబ్బానే తెమ్మన్నాడు. ఇంటికి కావలసిన నీళ్లు మాత్రం సగం కాలేదు. కిమోయి ఒకసారి దిగే గట్టు రెండుసార్లు దిగింది. గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుంది గాని, ఇక్కడ అదీ లేదు. నొప్పిగా ఉందని చివరికి అత్తతో అననే అంది. కోబిలో కోడలి ముఖంలోకి తేరిపార చూసి, అంత నొప్పయితే ముఖం ఇలా ఉంటుందా అంది. ఆ ముఖాన్ని ఏం చెయ్యాలో కిమోయికి తెలియలేదు. ఏడుద్దామని ఒకటి రెండుసార్లు వాగు దగ్గర ప్రయత్నించింది. రాలేదు. చిన్నప్పుడు ఎక్కడో మూసిన తలుపు, తాళంచెవి ఎవరి దగ్గరుందో.

చెబోయ్ తన దగ్గర పరుగు నేర్చుకునే కుర్రవాళ్లని పందేనికి నైరోబీ తీసుకెళ్లిన రోజున, పాలు పోసి వస్తానని అత్తకి చెప్పి, కిమోయి ఒక్కతే అద్దె మోటారుసైకిలు ఎక్కి క్లినిక్‌కి వెళ్లింది. మోకాలి దాకా పిండికట్టు వెయ్యమని అడిగింది. ఇంత సన్నటి పగులుకి అంత కట్టు అక్కర్లేదు, బరువు పడకుండా చూసుకుంటే చాలు, అంది అవీనో.

"ఎముక కోసం కాదక్కా. మావాళ్ల కళ్లకి ఏదో ఒకటి కనపడాలి."

 అవీనో తొట్టిలో నీళ్లు పోసి, పిండి పట్టించిన గుడ్డ తడిపి, పాదం నుంచి మోకాలి దాకా ఓపిగ్గా చుట్టింది. తెల్లటి కట్టు గట్టిపడుతుంటే కిమోయి దాన్నే చూస్తూ కూర్చుంది. ఇది ఇంట్లో అడుగుపెట్టగానే ఏమవుతుందో ఆమెకి కళ్లకి కట్టినట్టు కనపడింది. అత్త అయ్యో అంటుంది. రెండు రోజులు నీళ్లు పొరుగమ్మాయి తెస్తుంది. మూడో రోజు, కర్ర పట్టుకుని రెండో కాలితో మెల్లగా దిగలేవా అంటుంది. తను దిగుతుంది. కాదనడం తనకి రాదు, ఆ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు?

అవీనో చేతులు కడుక్కోబోతుంటే కిమోయి ఆపింది.

"అక్కా, రెండో కాలికి కూడా వెయ్యి."

"అది బాగానే ఉందిగా, తల్లీ."

"బాగుంది గనకే," అంది కిమోయి.